శంకరయ్య కుండలో నీళ్లు

ఇబ్రహీంపట్నంలో వయోవృద్ధుల కేంద్రం ఉన్న జాగా ఒకప్పుడు బందెలదొడ్డి. చేను మేసిన పశువులను అందులో కట్టేసేవారు. ఆసామి వచ్చి జరిమానా కట్టేదాకా అవి ఎండలో అరుస్తూ నిలబడేవి. దొడ్డి పడావు పడ్డాక ముసలివాళ్లు తలా కొంత వేసుకుని రేకుల షెడ్డు లేపారు. తర్వాత స్లాబు పడింది. క్యారంబోర్డు వచ్చింది. మంగళవారం బీపీ చూసే నర్సు, శనివారం భజన మొదలయ్యాయి. చివరికి, కొంగరకలాన్ దిక్కు ప్లాట్లు అమ్మే రాజశేఖర్ సంఘానికి అధ్యక్షుడై తెల్ల టైల్స్‌తో బాత్రూం కట్టించి, దానికి తాళం వేశాడు.

“పెద్దమనుషులొస్తే చూపియ్యాలె బాపూ. మనోళ్లకిస్తే రెండు దినాలల్ల ఖరాబు చేస్తరు,” అంటూ తాళంచెవి శంకరయ్య చేతిలో పెట్టాడు.

శంకరయ్య పొద్దున్నే కేంద్రం తెరిచి, రాముడి పటం ముందు దీపం పెట్టి, గుమ్మం పక్కన మట్టికుండ నింపేవాడు. దప్పిక తీర్చడాన్ని మించిన పుణ్యం లేదని ఆయన నమ్మకం. బాత్రూం చెవిని కూడా దేవుడి అలమార చెవితోపాటు మొలతాడుకే కట్టుకున్నాడు. వారానికోసారి లోపల ఫినాయిల్ పోసి కడిగేవాడు. కమోడ్ మీద కంపెనీ స్టిక్కర్ అట్లాగే ఉంది. మగవాళ్లు మాత్రం గోడ వెనక ముళ్లకంప దగ్గరికి పోయేవారు. ఆ కంపుకు ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. ‘ఛీ, మనుషులేనా వీళ్లు’ అనుకునేవాడు.

ఈ ఎండాకాలం ఆయనకొకటి అంతుబట్టలేదు. ఆడవాళ్లెవరూ కుండ దగ్గరికే రావడం లేదు. తన చేతి నీళ్లంటే పట్టింపా? కుండ మార్చాడు. వట్టివేళ్లు వేశాడు. ఒకరోజు రుక్మాబాయికి తానే గ్లాసు అందిస్తే, ఆమె కళ్లకద్దుకుని తులసి మొక్కలో పోసింది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

ఫ్యాన్లు ఇస్తానన్న దాత మంగళవారం వస్తున్నాడు. ఆడవాళ్లను పొద్దుటి నుంచే ముందు వరుసలో కూర్చోబెట్టారు. దాత ఎంతకూ రాలేదు. మధ్యాహ్నానికి రుక్మాబాయి కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది.

నర్సు పరుగెత్తుకొచ్చింది. “నాలుక పిడచకట్టింది. నీళ్లు తాగలేదా అవ్వా?”

“తాగలే బిడ్డా.”

శంకరయ్యకు రోషం పొడుచుకొచ్చింది. “పక్కనే కుండ పెట్టిన గదా అక్కా! అండ్ల విషం కలిపిన్నా?”

“నీ నీళ్లు సల్లగనే ఉంటయన్నా. తాగినంక యాడికి పోవాలె? మీ లెక్క గోడెనుకకు పోదునా? ఎండిన గొంతుతోటి వస్తం, గట్లనే పోతం. ఆడోళ్లమందరం గంతే.”

పక్కనున్న భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తాళం నీ మొలకే కట్టుకుంటివి. నీళ్లు తాగుమనీ నువ్వే అంటివి.”

గోడ వెనకటి కంపు తన ఒంటి నుంచే వస్తున్నట్టనిపించింది శంకరయ్యకు. పటంలో రాముడి వైపు చూడలేకపోయాడు. మొలతాడు నుంచి చెవి తెంపుకుని బాత్రూం వైపు నడిచాడు.

“బాపూ, ఏం జేస్తున్నవ్? సారొచ్చే యాళ్లాయె! అంత తడి అడుగులైతయ్!” రాజశేఖర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“కానియ్. బందెలదొడ్డిల గొడ్డును సుత జరిమానా కడితే ఇడిసిపెట్టిండ్రు. వీళ్లేం కట్టాలెనో చెప్పు.”

తాళం తీసి, చెవితో సహా గోడ మీదుగా ముళ్లకంపలోకి విసిరాడు. అందులో చెయ్యి పెట్టే ధైర్యం రాజశేఖర్‌కు లేదు.

దాత వచ్చేసరికి తలుపు ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. పట్నం నుంచి ఆగకుండా వచ్చిన మనిషి, పూలదండ మెడలో ఉండగానే రాజశేఖర్ చెవిలో ఏదో అడిగాడు. రాజశేఖర్ ముఖం మాడ్చుకుని బాత్రూం వైపు చూపించాడు.

“లైన్ల నిలవడు బిడ్డా,” అంది తేరుకున్న రుక్మాబాయి. “జర ఓపిక పట్టు. మాకు అలవాటే.”

సాయంత్రం శంకరయ్య కుండ వంచితే ఒక్క గ్లాసు నిండలేదు.

“ఇంకో కుండ పెట్టన్నా,” అంది రుక్మాబాయి, ఆ అరగ్లాసూ గటగటా తాగి.