దుబాసీ నోట తీర్పు

ఆ ఊరిని ఏలుతున్నది సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్లు. కోర్టులో జడ్జి వాళ్ల మనిషి. అతని మాట జనానికీ, జనం మాట అతనికీ చెప్పే దుబాసీ మాత్రం ఆ ఊరి పిల్లే. వాళ్లిద్దరి మధ్యా ఉన్న సంబంధం కోర్టు బంట్రోతుకి కూడా తెలుసు. ఎవరూ పైకి అనరు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే మాటలు ఆపేస్తారు, అంతే.

రేవు కూలీలు సమ్మె చేసినప్పుడు పోలీసులు పట్టుకెళ్లినవాళ్లలో ఆమె బాబాయి ఉన్నాడు. తండ్రి పోయాక ఆమెని పెంచి చదివించింది ఆయనే. తీర్పుకి ముందురోజు ఆమె జడ్జి గదికి వెళ్లి బతిమాలింది.

"వదిలేస్తాలే. నీకోసం ఆ మాత్రం చెయ్యలేనా?" అన్నాడతను ఆమె జుట్టు సవరిస్తూ.

ఆమె కరిగిపోయింది. తనవాళ్ల బతుకు అతని చేతిలో ఉండటం కూడా ఆ క్షణాన ఇష్టంగానే తోచింది. ఇంటికి నడుస్తూ అది తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

మర్నాడు కోర్టులో వెనక బెంచీ మీద గవర్నరు మనిషి కూర్చున్నాడు. జడ్జి అతనివంక ఒకసారి చూసి, ఇక తల ఎత్తకుండా తీర్పు చదివాడు. బాబాయికి ఐదేళ్లు, రాళ్లు కొట్టే శిక్ష.

ఆమె అతనివైపు తిరిగింది.

"చెప్పండి," అన్నాడు జడ్జి. నలుగురిలో ఆమెని 'మీరు' అంటాడు.

చెప్పింది. బాబాయి బోనులోంచి ఆమెనే చూస్తూ అడిగాడు. "ఇది వాడి మాటేనా, నీ మాట కూడానా తల్లీ?"

"ఏమంటున్నాడు?" అన్నాడు జడ్జి.

పొల్లు పోకుండా అదీ చెప్పింది. జడ్జి మొహం పాలిపోయింది. గవర్నరు మనిషి నవ్వాడు.

కోర్టు ముగిశాక జడ్జి ఆమెని తన గదిలోకి పిలిచి, తలుపు వేసి చెయ్యి పట్టుకున్నాడు. "వదిలేస్తే నా ఉద్యోగం పోయేది. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి నన్ను."

"ఎందుకు? మీ మనసు తేలికపడ్డానికా?"

"నువ్వంటే నాకు ప్రాణం."

"ప్రాణమట! రాళ్లు కొట్టేది మా బాబాయి."

అంత మాట అన్నా చెయ్యి వెంటనే లాక్కోలేదు. అది గమనించి అతను ఇంకా దగ్గరికొచ్చాడు. అతని కళ్లలో ఆశ చూసేసరికి ఆమెకి తన మీదే అసహ్యం వేసి, రెండు చేతులతో తోసేసింది. అతను వెళ్లి బల్లకి కొట్టుకున్నాడు.

ఇంటి దగ్గర పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వార్త అందిందిలే. మళ్లీ నీ నోటితో వినక్కర్లేదు." బట్టలమూట అప్పటికే బయట పడేసి ఉంది.

ఆమె కోర్టు మానేసి ఒక బట్టలకొట్టులో పనికి కుదిరింది. జైలుకి వెళ్తే బాబాయి చూడనన్నాడు.

ఒకరోజు బజారులో జడ్జి కారు ఆమె పక్కనే ఆగింది. అద్దం దిగింది. ఆమె గుండె ఎగిరిపడింది. అలా ఎగిరిపడినందుకే, వంగి అతని మొహాన ఉమ్మేసింది.

డ్రైవరు దిగబోయాడు. "వద్దు, పోనివ్వు," అన్నాడు జడ్జి, రుమాలుతో తుడుచుకుంటూ.

క్షమించేశాడు! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ ఉమ్ముదామంటే కారు కదిలిపోయింది.