నాపరాయి మీది గీత

జంగప్ప తన సరుకును తానే తిట్టుకుంటూ అమ్మబోయాడు. అందుకే దానికి ధర పలకలేదు.

తాండూరు బజారులో మొదటి దుకాణం మెట్లెక్కి, వేలి ఉంగరం తీసి గాజు బల్ల మీద పెట్టాడు. "కల్తీది సేటూ. లగ్గం ఖాయమైననాడు మా మామ పెట్టిండు. ఎంతొస్తదో చూడు" అన్నాడు. సేటు గీటురాయి బయటికి తీయనేలేదు. తూచి, అసలు ధరలో సగం చెప్పాడు.

"అర తులం ఉన్నది. గింత అన్యాయమా?"

"నువ్వే కల్తీ అంటివి గదా పెద్దమనిషీ."

రెండో దుకాణంలోనూ అదే ఉంగరం, అదే మాట. అక్కడ ధర ఇంకా తగ్గింది. వానలు పడేలోపు ఇంటికి రేకులు కప్పించాలి. సగం ధరకు సగం ఇంటికే రేకులొస్తాయి.

నాపబండల పాలిషింగు కార్ఖానాలో తనతో పాటు పనిచేసే మజహర్ ఈ సంగతి విని నవ్వాడు. "కాకా, నీ నోరే నీకు దుష్మన్. వికారాబాద్‌ల శ్రీహరి అని బంగారం పనిచేసే అవుసలాయన ఉన్నడు, సాఫ్ మనిషి. ఆడికి పో. ఉంగురం చేతిల పెట్టు, నోరు మూసుకో. గంతే."

నోరు మూసుకోవడం జంగప్పకు చేతకాని పని. ఇరవై రెండేళ్లుగా ఆ ఉంగరం గురించి అతను మాట్లాడుతూనే ఉన్నాడు. మామ వెంకటయ్యది దోమ అనే ఊరు. మేకలు కాసేవాడు. నాలుగు మేకలమ్మి ఉంగరం చేయించాడు. పెళ్లైన ఏడాదికి, తాండూరులో ఒక అవుసలాయన నల్లరాయి మీద బంగారం గీసి, గీత మీద ఆసిడ్ చుక్క వేసి, గీత నిలిస్తే అసలు, పోతే నకిలీ అని తేల్చడం జంగప్ప చూశాడు. ఇంటికొచ్చి, బట్టలుతికే నాపరాయి మీద ఉంగరం గీశాడు. పాలిషింగు నుంచి సీసాలో తెచ్చిన ఆసిడ్ పోశాడు. బుసబుసా నురగ పొంగింది. నురగ పోయాక చూస్తే గీత లేదు. రాయి మీద చిన్న గుంట మాత్రం మిగిలింది.

"మీ నాయిన ఇత్తడి పెట్టిండే" అన్నాడు భార్య బీరమ్మతో.

"మా నాయిన గట్లాంటోడు కాదు" అంది ఆమె. ఆ ఒక్కసారే అంది. ఆ తర్వాత అతను ఎన్నిసార్లన్నా బదులివ్వలేదు. దోమకు పోవడం జంగప్ప మానుకున్నాడు. మామ చచ్చిపోతే ఆమె ఒక్కతే బస్సెక్కి పోయింది. రెండేళ్ల కింద ఆమె కూడా చనిపోయింది. ఉంగరం మాత్రం వేలికే ఉంది. మోసానికి సాక్ష్యం అని ఉంచుకున్నాడు.

మజహర్ చెప్పిన మరునాడు పొద్దున్నే రైలెక్కి వికారాబాద్‌లో దిగాడు. శ్రీహరిది ఇద్దరు కూర్చుంటే నిండిపోయే దుకాణం. జంగప్ప ఉంగరం చేతికిచ్చి పళ్లు బిగించుకున్నాడు.

శ్రీహరి దాన్ని కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో తోమాడు. తెల్లటి రాతిపిండి నీళ్లలోకి దిగింది. "బండల పనా అన్నా?" అన్నాడు. జంగప్ప తలూపాడు. శ్రీహరి నల్లటి గీటురాయి తీసి ఉంగరాన్ని ఒక్క గీత గీశాడు. పక్కనే తన దగ్గరున్న నికార్సైన ఇరవై రెండు క్యారెట్ల ముక్కతో ఇంకో గీత గీశాడు. రెండింటి మీదుగా ఆసిడ్ చుక్క జార్చాడు.

జంగప్ప నురగ కోసం చూశాడు.

నురగ రాలేదు. చుక్క నీళ్లలా కదలకుండా నిలిచింది. దాని అడుగున రెండు గీతలు, వెంట్రుకంత సన్నగా, పసుపుపచ్చగా, ఏది ఏదో తెలియకుండా మెరుస్తున్నాయి. అతను ముందుకు వంగాడు. ఊపిరి తగిలి గీత చెదురుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గీత చెదరలేదు.

"నురగేది?" అన్నాడు మెల్లగా.

"నురగెందుకొస్తది?"

జంగప్ప నాపరాయి సంగతి చెప్పాడు. శ్రీహరి మొదట పగలబడి నవ్వాడు. ఎదుటి మొఖం చూసి ఆపేశాడు. "నాపరాయి సున్నపురాయి గదనే. బంగారమున్నా లేకున్నా ఆసిడ్ పడితే పొంగుతది. కిందున్న రాయే కరిగినంక మీది గీత ఏడ నిలుస్తది? ఇన్నేండ్లు బండలు కోసినోనివి, నీకెర్క లేదా?"

ఎరుకే. ఆసిడ్ పడితే బండ పొంగుతుందని పాలిషింగులో నిన్న చేరిన కూలీకి కూడా ఎరుకే. ఆనాడు జంగప్ప రాయిని చూడలేదు, మామను చూశాడు.

"ఇరవై రెండు క్యారెట్లు. మీ మామ మంచిగ చేయించిండు" అన్నాడు శ్రీహరి. "అమ్ముతవా, ఉంచుకుంటవా?"

సాక్ష్యం అనుకుని ఉంచుకున్నాడు. ఇప్పుడు అది ఎవరి మీద సాక్ష్యం?

"అమ్ముత. నీకు తోచినంత ఇయ్యి. సగమిచ్చినా నాకు జాస్తే."

శ్రీహరికి కోపం వచ్చింది. "నీ మొఖం చూసి రేటియ్యలే. బంగారం చూసి ఇస్తున్న. గోడ మీద ఈ పొద్దు రేటు రాసున్నది, సదువు. కరిగించి తూస్త. ఎంత తేలితే అంతకు పూర్తిగ ఇస్త."

మూసలో వేసి మంట ఊదాడు. ఉంగరం ఎర్రబడింది, వంగింది, ఉన్నట్టుండి గుండ్రంగా చుట్టుకుని గిరగిరా తిరిగింది. అంత వెలుగు అంత చిన్నదానిలో ఎలా పట్టిందో జంగప్పకు అర్థం కాలేదు. ఇరవై మూడేళ్లు అది తన వేలి మీదే ఉంది. చల్లారాక తూస్తే రవ్వంత కూడా తగ్గలేదు.

"చీటీ రాసియ్యి. ఇరవై రెండు క్యారెట్లని రాయి" అన్నాడు.

"ఎవరికి చూపిస్తవు?"

జంగప్ప డబ్బు తీసుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చూపించాల్సిన ఇద్దరూ లేరు.

తాండూరులో దిగి పాలిషింగు నుంచి సీసాలో ఆసిడ్ తెచ్చుకున్నాడు. ఎండ ఇంకా ఉంది. ఇంటి వెనక నాపరాయి అలాగే ఉంది. పాత గుంటలో ఎండిన సబ్బు అంటుకుని ఉంది. బీరమ్మ రోజూ సబ్బు బిళ్ల అందులోనే పెట్టేది, జారిపోకుండా. ఇన్నేళ్లు ఆ గుంట ముందే కూర్చుని బట్టలుతికింది.

దాని పక్కన, ఏ గీతా గీయకుండా, ఆసిడ్ పోశాడు.

బుసబుసా నురగ పొంగింది. అదే చప్పుడు. అదే నురగ. జంగప్ప రాయి ముందు గొంతుక్కూర్చుని, అది మొత్తం చల్లారేదాకా రెప్ప వేయకుండా చూశాడు. నురగ పోయింది. పాత గుంట పక్కన, అంతే లోతున, రెండో గుంట పడింది.