షాలోమ్ అనని మాట

తమ్ముడు షాలోమ్ హత్యకేసులో జైలుకెళ్లిన నాలుగేళ్లలో లూసీ ఎందరో లాయర్లకు ఉత్తరాలు రాసింది. నేరం తనే ఒప్పుకున్నాడు కదా అని అందరూ చేతులెత్తేశారు. చివరికి, ఇలాంటి కేసులు ఉచితంగా చూసే ఒక లాయరమ్మ పోలీసుల విచారణ వీడియో తెప్పించి, లూసీని అమెరికాలోని ఇర్వింగ్‌లో ఉన్న తన ఆఫీసుకి పిలిచింది.

షాలోమ్ స్నేహితుడు బాల్కనీ మీంచి పడి చనిపోయిన రోజు తీసిన వీడియో అది. షాలోమ్ వెక్కివెక్కి ఏడుస్తూ, పోలీసులు పిలిపించిన దుబాసీతో తెలుగులో, "నా వల్లే పోయాడు సార్, పార్టీకి నేనే రమ్మన్నాను" అంటున్నాడు. కోర్టులో చదివిన ఇంగ్లీషు అనువాదంలో మాత్రం "నేనే చంపాను" అని ఉంది.

"మేడమ్, వాడు ఆ మాట అననేలేదు!" అంది లూసీ.

లాయరమ్మ కేసు తీసుకుంది. కానీ ఏళ్లు పట్టవచ్చనీ, గెలుస్తామని మాటివ్వలేననీ చెప్పింది.

ఆదివారం చర్చి మానేసి లూసీ జైలుకి వెళ్లింది. అద్దం అవతల షాలోమ్ అంతా విని, పోయిన స్నేహితుడి తల్లి గురించి అడిగాడు.

"అక్కా, ఆ వీడియో వాళ్లమ్మకి కూడా చూపిస్తావా?"

"చూపిస్తానురా," అంది లూసీ. ఇన్నేళ్లలో ఆ తల్లికి ఒక్కసారి ఫోన్ చేసే ధైర్యం కూడా తనకు రాలేదని మాత్రం చెప్పలేకపోయింది.