మూడో చరణం

ఇల్లందు బొగ్గుబావిలో కప్పు పెళ్ల విరిగి మార్కు కుడిచేతి మీద పడ్డప్పుడు అతనికి నలభై రెండేళ్లు. చూపుడువేలూ నడిమివేలూ పోయాయి. కుట్లు వేశారు గానీ పుండు మానలేదు, చీము పట్టింది. భార్య ఆరోగ్యమ్మది బూర్గంపాడు. "మా ఊళ్లె మిషన్ దవాఖాన ఉన్నది. లే, పోదాం" అని మొగుణ్ణి బస్సెక్కించి గోదావరి ఒడ్డుకు తీసుకుపోయింది. అది ఎనభై నాలుగో సంవత్సరం.

పుండు మానడానికి ఆరువారాలు పట్టింది. అన్ని రోజుల్లోనూ మార్కు వేళ్ల కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు. హార్మోనియం కోసం ఏడ్చాడు. పదిహేనేళ్లుగా ఇల్లందు చర్చిలో హార్మోనియం వాయించేది అతనే, దానిలో స్వరం పలికించే ఇత్తడి రేకులు, అంటే రీడ్లు, చెడిపోతే విప్పి బాగుచేసేదీ అతనే.

రోజూ కట్టు మార్చేది రూత్ సిస్టర్. యాభై దాటిన అమెరికా నర్సు, తెలుగు పుస్తకం చూసి చదివినట్టు మాట్లాడేది. ఎండి అతుక్కుపోయిన గాజుగుడ్డను పుండు మీంచి ఊడదీస్తుంటే మార్కు గిలగిలలాడేవాడు. అతని ధ్యాస మళ్లించాలని ఆమె పక్కన టేప్‌రికార్డర్ పెట్టేది. అందులో ఒకటే పాట. మాటల్లేవు, వట్టి మౌతార్గాన్. కొండ దిగే గుర్రంలా ఆగకుండా ఉరికేది.

"ఇదేం పాటమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

"మా కొండల పాట. దీనిని బ్లూగ్రాస్ అంటారు. అనగా నీలం గడ్డి."

మార్కు అంత నొప్పిలోనూ నవ్వాడు. "గడ్డి నీలంగ ఎట్లుంటదమ్మా?"

"నేను కూడా చూడలేదు" అని ఆమె కూడా నవ్వింది. "మా ఊరిలో గడ్డి కన్నా బొగ్గు ఎక్కువ. వాయించినది మా నాన్న. ముప్పై సంవత్సరాలు గనిలో పని చేశారు. చనిపోక ముందు ఈ ఒక్క పాట రికార్డు చేశారు."

ఇంటికి పంపే రోజున రూత్ సిస్టర్ తన పెట్టెలోంచి పది రంధ్రాల మౌతార్గాన్ ఒకటి తీసి అతని ఎడమచేతిలో పెట్టింది. "దీనికి వేళ్లు అక్కరలేదు మార్కు గారూ. ఊపిరి చాలు."

కంపెనీ మార్కును బావిలోకి దించకుండా, కార్మికుల టోపీ దీపాలు చార్జింగ్ చేసి ఇచ్చే ల్యాంపు రూములో వేసింది. అక్కడ షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య బోలెడు తీరిక. ఆ తీరికంతా మౌతార్గాన్‌కే పోయింది. మొదట్లో ఊదితే ఒక స్వరానికి మూడు స్వరాలు పలికేవి. పెదవులు పగిలాయి. "పిల్లి తోక తొక్కినట్టున్నది, బయటికి పోయి ఊదు" అని ఆరోగ్యమ్మ వాకిట్లోకి తరిమేది. రెండు నెలలకోసారి బూర్గంపాడు పోయినప్పుడల్లా టేపు విని వచ్చేవాడు.

రెండేళ్లకు మొదటి రెండు చరణాలూ పట్టుబడ్డాయి. మూడోది లొంగలేదు. అందులో పదేపదే వచ్చే ఒక స్వరం ఆ మౌతార్గాన్‌లో లేనే లేదు. మూడో రంధ్రంలో గాలిని వంచి పీలిస్తే ఆ స్వరం జారుతూ వస్తుంది. నిదానంగా అయితే వస్తుంది, పరుగులో రాదు. టేపు ఎక్కడికి పోతుంది, మెల్లగా నేర్చుకోవచ్చులే అనుకున్నాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి పొంగింది. అంత నీటిని బతికున్నవాళ్లెవరూ చూసి ఎరగరు. బూర్గంపాడు మునిగింది. బస్సులు మళ్లీ నడవగానే మార్కూ ఆరోగ్యమ్మా వెళ్లారు. ఆరోగ్యమ్మ తల్లిగారింటి గోడలు కూలాయి గానీ మనుషులు బతికి బయటపడ్డారు. దవాఖానలో మోకాలి లోతు ఒండ్రు. రూత్ సిస్టర్ వరండాలో కూర్చుని కత్తెరలు కడుగుతోంది. పక్కన కిటికీ చువ్వకు గోధుమరంగు టేపు ఆరేసి ఉంది.

"రెండు సార్లు కడిగాను. హోరు మాత్రమే వస్తున్నది" అంది.

"ఇంకోటి లేదా అమ్మా?"

"లేదు. నవంబరు చివర నా వీసా అయిపోతుంది, వెళ్లిపోతాను. మా అమ్మకు ఎనభై రెండేళ్లు. ఈ పాట ఆమెకు తీసుకువెళ్లాలి అనుకున్నాను."

మార్కు ఆరేసిన టేపును చేత్తో తాకి చూశాడు. "నేను తెస్త" అన్నాడు.

"మీకు రెండు భాగాలే వచ్చు కదా?"

"మూడోది గూడ తెస్త. నవంబర్ లోపట."

తిరుగు బస్సులో ఆరోగ్యమ్మ కసిరింది. "ఎట్ల తెస్తవయ్యా? టేపే లేకపాయె."

"ఎట్లనన్న తెస్త" అన్నాడు. ఎట్లాగో అతనికీ తెలియదు.

సెప్టెంబరంతా తలకిందులైనా మూడో చరణం సగం కూడా గుర్తురాలేదు. కట్టు విప్పేటప్పుడు గాజుగుడ్డ ఊడే వేళకు సరిగ్గా ఆ చరణమే వచ్చేది. తలుచుకుంటే పాట రాదు, మంట వస్తుంది. ఆ తర్వాత బూర్గంపాడులో ఎన్నిసార్లు విన్నా ఆ ఒక్క స్వరం మీదే చెవి పెట్టాడు గానీ, దాని ముందూ వెనకా పట్టించుకోలేదు. అక్టోబరు సగమైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరోగ్యమ్మ అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. మార్కు లోపల్నుంచి ఒక్క ఉదుటున వచ్చాడు.

"ఏందది?"

"ఏందేంది?"

"నువ్వు తీసే రాగం."

ఆరోగ్యమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "నీ దిక్కుమాలిన పాటే. ఆరువారాలు నీ భుజం పట్టుకొని కూసున్న గదా. నొప్పికి నీ చెవులు మూసుకపొయినయి, నావి మూసుకపోలె."

"మళ్ల తియ్యి."

"సిగ్గు లేకపోతె సరి. బియ్యం ఎవలేరుతరు?"

"నేనేరుత. నువ్వు తియ్యి."

చేట అతని ఒడిలోకి వచ్చింది. అతను ఎడమచేత్తో రాళ్లేరుతూ కూర్చున్నాడు, ఆమె గోడకు ఆనుకుని, వీధిలోకి చూస్తూ పాడింది. మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తడబడకుండా. ఆ లేని స్వరం దగ్గర అతను ఆపాడు.

"ఇక్కడ జారుతదా, నిలబడ్తదా?"

"నిలబడ్తది. గంట కొట్టినట్టు."

మార్కు చేట పక్కన పెట్టేశాడు. నిలబడుతుందంటే రూత్ సిస్టర్ నాన్న గాలిని వంచలేదు. మౌతార్గాన్ విప్పి, మూడో రంధ్రంలో ఇత్తడి రీడునే గీకి, స్వరం మార్చుకుని ఉంటాడు. హార్మోనియం రీడు కొన గీకితే స్వరం ఎక్కుతుంది, మొదలు గీకితే దిగుతుంది. ఈ సంగతి మార్కుకు తెలియనిది కాదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదంతే.

మర్నాడు ల్యాంపు రూము ఫిట్టరు రూప్లాను సన్నని ఆకురాయి అడిగాడు. రూప్లా మౌతార్గాన్ మరలు విప్పిచ్చి, ఆ వెంట్రుకంత రీడు చూసి భయపడ్డాడు.

"ఇరిగితె ఇంకోటి ఏడ దొరుకుతదన్నా? నీది ఎడమచెయ్యాయె. నేను గీకుత, నువ్వు చెప్పు."

"వద్దు తమ్మీ. ఎంత గీకాల్నో చెవికే తెలుస్తది. చెవీ చెయ్యీ ఒక్కడివే కావాలె."

ముందుగా చర్చిలో మూలన పడేసిన పాత హార్మోనియం రీడ్ల మీద ఎడమచెయ్యి సాధన చేశాడు. ఐదు విరిగాయి. ఆరోది నిలిచింది. అప్పుడు గానీ మౌతార్గాన్ ముట్టుకోలేదు. రీడు కింద బీడీకట్ట కాగితం దూర్చి కొనమీద రెండు గీతలు గీకి ఊదాడు. ఇంకో రెండు. ఒక గీత ఎక్కువై స్వరం పైకి పోతే మొదట్లో గీకి దించాడు. నాలుగోరోజు ఆరోగ్యమ్మను పిలిచి ఊది చూపాడు.

"గిదే" అంది ఆమె.

ఇక మిగిలింది పరుగు. నవంబరంతా డ్యూటీకి ముందొక గంట, వెనకొక గంట వాయించాడు. ఊపిరి చాలక కళ్లు తిరిగేవి. ఎక్కడ పీల్చాలో, ఎక్కడ వదలాలో పాటే చెప్తుందని మెల్లగా తెలిసింది. ఆరోగ్యమ్మ పొయ్యి దగ్గరినుంచే తప్పులు పట్టేది. ఇప్పుడు వాకిట్లోకి తరమలేదు.

రూత్ సిస్టర్ బయలుదేరే రోజు పొద్దున్నే ఇద్దరూ దవాఖానకు చేరారు. జీపులో సామాను ఎక్కిస్తున్నారు. మార్కు వరండా మెట్టు మీద నిలబడి, ఏమీ చెప్పకుండా మొదలుపెట్టాడు. మొదటి చరణానికి ఆమె సంచీ కింద పెట్టింది. రెండోదానికి కూర్చుంది. మూడోది అందుకుని సగందాకా వచ్చేసరికి మార్కుకు ఊపిరి తప్పింది, పాట తెగింది.

"మళ్లీ" అంది రూత్ సిస్టర్. ఆజ్ఞాపించినట్టే అంది.

ఆమె వెళ్లి దవాఖాన టేప్‌రికార్డర్ తెచ్చి రికార్డు మీట నొక్కింది. మార్కు ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. అతను ఎక్కడ తప్పుతాడోనని మూడో చరణం దగ్గర ఆరోగ్యమ్మ తనకు తెలియకుండానే అతనితో కలిపి కూనిరాగం తీసింది. ఈసారి తెగలేదు. ఆ లేని స్వరం వచ్చిన ప్రతిసారీ గంట కొట్టినట్టు నిలబడింది. జీపు డ్రైవరు కూడా హారన్ మీంచి చెయ్యి తీసి విన్నాడు.

రూత్ సిస్టర్ మీట ఆపి, మార్కు కుడిచేతిని, మిగిలిన మూడు వేళ్లనూ తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మా నాన్న ఇంత వేగంగా వాయించలేదు" అంది.

"తగ్గియ్యాల్నా అమ్మా?"

"వద్దు."

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. పాట తల్లికి వినిపించానని, రోజూ పెట్టమంటోందని రూత్ సిస్టర్ తెలుగులోనే రాసింది. తల్లి ఒకటే అడుగుతోందట, మూడో భాగంలో పాడుతున్న ఆడమనిషి ఎవరు అని.

మార్కు ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాడు. ఆరోగ్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

"కాయితం తియ్యి. నా పేరు సక్కగ రాయి" అంది.