ఉంగరం లోపలి పేరు

నేను ఒక నిశ్చితార్థపు ఉంగరాన్ని. అరకాసు బంగారం, పైన తులసి కొమ్మ, లోపల ఒక పేరు. ఇరవై ఆరేళ్ళుగా ఒక సందేహం మోస్తూ వచ్చాను. నా లోపలున్న పేరు తప్పా, ఒప్పా? తప్పే అయితే, నన్ను పెట్టుకున్న మనిషికి దానివల్ల కీడు జరుగుతుందా? దేవుడు అక్షరం చూస్తాడా, మనసు చూస్తాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ నన్ను వేలికి పెట్టుకున్నవాళ్ళు కారు.

నేను పుట్టింది బందరు పక్కన చిలకలపూడిలో. రాగికి, ఇత్తడికి బంగారు పూత పూసి దేశమంతటికీ నగలు పంపే ఊరది. రంగ అక్కడ ఒక పూత కార్ఖానాలో పనివాడు. రోజుకు వందల గాజులను తొట్టెలో ముంచి, బంగారంలా మెరిపించి బయటకు తీసేవాడు. పదేళ్ళు ఆ పని చేసినా వాడి ఒంటిమీద ఆవగింజంత బంగారం లేదు. అందుకే పెళ్ళి కుదరగానే ఒక పట్టుదల పట్టాడు. ఆ అమ్మాయి చేతికి తను ఇచ్చే మొదటి వస్తువు పైనా లోపలా ఒక్కటే అయి ఉండాలి.

నన్ను చేసింది వీరభద్రాచారి. నిజానికి ఆయన ఉంగరాల పనివాడు కాడు, అచ్చులు చెక్కే మనిషి. ఉక్కు దిమ్మె మీద బొమ్మ చెక్కుతాడు. దాని మీద రేకు పెట్టి కొడితే నగ తయారవుతుంది. నగలో ఎత్తుగా ఉండవలసింది అచ్చులో పల్లంగా ఉండాలి, కుడిది ఎడమకు పోవాలి. స్వామివారి శంఖచక్రాలను కూడా చేతులు మార్చి చెక్కితేనే భక్తుడికి సరిగా కనిపిస్తాయి. నలభై ఏళ్ళు ఆయన దేవుళ్ళను కూడా తిరగేసే చూశాడు.

"ఏం పెట్టమంటావురా రంగా? ఇప్పుడందరూ ఇంగ్లీషులో రెండక్షరాలు, మధ్యలో గుండెకాయ అడుగుతున్నారు," అన్నాడు ఆచారి.

"గుండెకాయ వద్దు బాబాయ్. రాయి కూడా వద్దందంట ఆ పిల్ల. పిండి పిసుకుతుంటే ఊడి పిండిలో కలిసిపోద్ది, తర్వాత ఇంటిల్లిపాదీ పళ్ళు చూసుకోవాలి అందంట."

"బుర్రున్న పిల్లే. మరేం పెట్టను?"

రంగ కాసేపు సిగ్గుపడ్డాడు. పెళ్ళికూతురు తాయారును వాడు మొదటిసారి చూసింది పాండురంగస్వామి గుళ్ళో. మంటపంలో కూర్చుని తులసిమాల కడుతోంది. ముదురు కాడలను గోటితో తుంచి పక్కన పెడుతోంది.

"తులసి కొమ్మ పెట్టు. చివర గోటితో తుంచినట్టుండాల. లోపల నా పేరు వెయ్యి. నోటితో ఎలాగూ పిలవదు కదా, వేలికైనా తగలనీ."

ఆచారి నవ్వి పని మొదలుపెట్టాడు. తులసి ఆకులకు ఈనెలు తీశాడు. అంచుల వెంట ఆవగింజల్లాంటి బంగారు గుండ్లు వరసగా అతికాడు. కొమ్మ చివర, ఒక్క గోటిగాటు. ఆ తర్వాత సన్నని ఉలితో లోపల రెండక్షరాలు లోతుగా చెక్కాడు. చివర్లో, ప్రతి అచ్చుకూ చేసినట్టే, మైనం ముద్ద లోపల అదిమి తీసి చూసుకున్నాడు. రంగ. సున్నతో సహా తీరుగా ఉంది. కళ్ళకద్దుకుని మెరుగు పెట్టాడు. అచ్చు చెక్కేవాడు అచ్చును చదవడు, మైనాన్ని చదువుతాడు. అదే జరిగింది.

తాంబూలాల రోజున పసుపు రాసి దేవుడి పటం ముందు పళ్ళెంలో నన్ను పెట్టారు. తాయారు మేనత్త వరహాలమ్మ మొదట నన్ను చేతిలోకి తీసుకుంది. "ఇది బంగారమేనా, మన ఊరి బంగారమా?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వకుండా కళ్ళజోడు సవరించుకుని లోపలికి చూసింది.

"ఇదేవిటి, అక్షరాలు వెనక్కి తిరిగున్నాయి?"

నేను చేతులు మారాను. చూసినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వాడిపోయాయి. "పెళ్ళికొడుకు పేరు తిరగబడితే మంచిదంటారా అన్నయ్యా?" అంది వరహాలమ్మ. తాయారు తండ్రి గొంతు సవరించుకున్నాడు. తాంబూలాలు ఇంకో వారం ఆగి పుచ్చుకుందామా అన్నట్టు గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. రంగ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఆచారి లేచాడు. "తప్పు నాదమ్మా. కుర్రాడి మీద పెట్టకండి. ఇటివ్వండి, కరిగించి సాయంత్రానికల్లా కొత్తది తెస్తాను."

కరిగించడం అన్న మాట విని నేనెంత బెదిరానో చెప్పలేను. పుట్టి నాలుగు రోజులు కూడా కాలేదు. అప్పుడు తాయారు చెయ్యి చాపింది.

"పసుపు రాసి దేవుడి ముందు పెట్టినదాన్ని నిప్పుల్లో పెడతారా బాబాయిగారూ? పేరు పలకకూడదని మీరే అంటారు. చదివే పని కూడా తప్పిందనుకుంటాను."

ఆమె తండ్రి క్యాలెండరు మీదనుంచి చూపు తిప్పాడు. రంగ నన్ను ఆమె వేలికి తొడిగాడు. ఆచారి మాత్రం తలెత్తలేదు. "ఆ రెండక్షరాలూ నీకు బాకీ తల్లీ. ఎప్పుడు తీసినా నా దగ్గరకే తీసుకురా. నా చేత్తోనే సరిచేసిస్తాను," అన్నాడు.

నలుగురిలో అంత ధైర్యంగా మాట్లాడిన పిల్ల, ఆ రోజు నుంచి నన్ను తిప్పడం మొదలుపెట్టింది. రంగ కార్ఖానా నుంచి రావడం ఆలస్యమైతే తిప్పుతుంది. వాడు దగ్గితే తిప్పుతుంది. కళ్ళు మూసుకుని దండం పెడుతూ కూడా బొటనవేలితో నన్ను తిప్పుతూనే ఉంటుంది. "స్వామీ, రాత చూడకు," అని గొణుక్కునేది. ముగ్గుపిండి, శనగపిండి, పసుపు అన్నీ నా ఆకుల ఈనెల్లో చేరాయి. నాకు మాత్రం కుదురు లేదు. ఒక్కరోజు తీసి ఆచారికిస్తే సరిపోయేది. కానీ తీస్తే ఏమవుతుందో అని భయం, ఉంచితే ఏమవుతుందో అని భయం. మనుషులు రెండు భయాల మధ్య ఏళ్ళకు ఏళ్ళు కాపురం చెయ్యగలరు.

ఏటా వరహాలమ్మ వచ్చి, "ఇంకా ఆ తిరగబడ్డ పేరే పెట్టుకున్నావుటే," అనేది. బజారులో ఆచారి ఎదురైతే తాయారు మొహం చూసేవాడు కాడు. నన్ను చూసి తల దించుకుని, "బాకీ ఉన్నాను తల్లీ," అనేవాడు.

తొట్టెల్లోని ఆవిరి పీల్చీ పీల్చీ ఒక ఏడాది రంగ ఊపిరితిత్తులు చెడ్డాయి. బెజవాడ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. ఆ పదకొండు రోజులూ తాయారు వేలి చర్మం ఒరుసుకుపోయేలా నన్ను తిప్పింది. మనిషి దక్కాడు. జబ్బు చెయ్యడానికి ఆ పేరే కారణమన్నారు బంధువులు. దక్కడానికి కూడా ఆ పేరే కారణమేమో అని ఒక్కరూ అనలేదు.

తర్వాత తాయారు ఒళ్ళు చేసింది. వేలు లావై నేను తిరగడం మానేశాను. నేను నిలిచిపోయానే గానీ ఆమె బొటనవేలు నిలవలేదు. వచ్చి నన్ను తడిమి వెళ్ళేది.

మొన్న కార్తీకంలో, పూజకు తులసి కోస్తుంటే కందిరీగ కుట్టింది, సరిగ్గా నా పక్కనే. గంటలో వేలు బుడగలా పొంగి నీలం తిరిగింది. సబ్బు రాశారు, నూనె రాశారు, దారం చుట్టి లాగారు. పక్కింట్లో ఉండే ఆసుపత్రి నర్సమ్మ చూసి, "ఉంగరం కావాలో వేలు కావాలో తేల్చుకోండి పిన్నిగారూ," అంది.

"కోస్తే ఆచారిగారే కోయాలి," అంది తాయారు.

రంగ మోపెడ్ మీద తీసుకెళ్ళాడు. ఆచారికి ఎనభై దాటాయి. పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా సన్నరంపం వెతికి తీశాడు. తాయారు కళ్ళు మూసుకుంది.

"ఆయనకేం కాదు కదా బాబాయిగారూ?"

"పక్కనే ఉన్నాను కదే. నన్నడగవేం?" అన్నాడు రంగ.

ఆచారి పేరున్న చోటు వదిలి ఎదురు పక్క కోశాడు. రెండు అంచులూ విడదీసి నన్ను మెల్లగా తీశాడు. చల్లగాలి నా లోపలి అక్షరాలకు తగలడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. నన్ను చూస్తాడనుకున్నాను. ఆయన ఆమె వేలిని చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"మైనంలో ఇలాగే చదివానమ్మా," అన్నాడు.

తాయారు కళ్ళు తెరిచింది. వేలి చుట్టూ తెల్లటి గాడి పడి ఉంది. ఆ గాడిలో, ఉబ్బిన చర్మం మీద, రెండక్షరాలు ఎత్తుగా, ఎర్రగా లేచి ఉన్నాయి. సున్నతో సహా, సరిగా, ఎటువైపు ఉండాలో అటువైపే.

"రంగ," అంది తాయారు.

"పిలిచావా?" అన్నాడు రంగ.

"చదివాను," అంది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆచారి నన్ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పుడు సరిచెయ్యనా తల్లీ?"

"అక్షరాల జోలికి పోకండి బాబాయిగారూ. వేలు తగ్గాక అతికివ్వండి, చాలు. మీ బాకీ ఎప్పుడో తీరింది, మనకే కనిపించలేదు."

ఆచారి భూతద్దం పక్కన పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత తలెత్తి తాయారు మొహంలోకి చూశాడు.