మోచేతి దగ్గర నీలం కుట్టు

“ఆ పసుపు గౌను వద్దే, ఓజెల్లా. పొలాలకడ్డం పడి పరిగెత్తాల్సొస్తే మైలు దూరానికి కూడా కనిపిస్తావు.”

నా కూతురు అద్దంలోంచే నవ్వింది. “నేను వెళ్ళేది కోర్టుకమ్మా. కుందేళ్ళ వేటకి కాదు.”

“వేటకి వెళ్ళేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చెప్పేది కుందేలు సంగతే.”

“ఓటు రాయించుకోడానికి మాసిన బట్టల్తో వెళ్తే ఆ గుమాస్తా వెనక గుమ్మానికి పొమ్మంటాడట. యూలిస్ గారు చెప్పారు.”

“ఇస్త్రీ బట్టల్తో వెళ్ళినా అక్కడికే పొమ్మంటాడు.”

అది ఆదివారం మధ్యాహ్నం. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ప్రయాణం. మా చర్చి పెద్ద యూలిస్ పికెట్ తన పాత ట్రక్కులో తీసుకువెళతానన్నాడు. హైవే మీద పోలీసులు ఆపుతారు కాబట్టి పత్తి మిల్లు వెనక కంకర రోడ్డున పోవాలని బుధవారమే మా వంటింట్లో కూర్చుని అనుకున్నారు. ఆ దారి సంగతి నలుగురికే తెలుసు. యూలిస్, అతని భార్య లవీ, ఓజెల్లా, నేను.

అయిదో మనిషికి నేను చెప్పాను.

ఎందుకు చెప్పానో చెబుతాను. మా మిసిసిపీలో ఓటుకి అర్జీ పెట్టినవాళ్ళ పేర్లు రెండు వారాలు పేపర్లో వేస్తారు. పేరు పడితే పని పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, ఆ తర్వాత ఏం పోతుందో దేవుడికే ఎరుక. మా ఊళ్ళో నల్లవాళ్ళ ఇంటింటికీ ఒక తెల్ల మనిషి ఉండాలి. పోలీసు పట్టుకుంటే మొదట అడిగేది “నువ్వెవరి మనిషివి?” అనే. వానాకాలానికి గొడుగు దాచుకున్నట్టు ఆ మనిషిని దాచుకుంటాం. నా గొడుగు మిస్ కోరలీ. పెళ్ళయిన దొరసానినైనా మేం మిస్ అనే పిలవాలి. పంతొమ్మిదేళ్ళు ఆవిడ బట్టలు ఉతికాను, ఆవిడ ముగ్గురు పిల్లల్నీ ఎత్తుకుని తిరిగాను. ఆవిడ తమ్ముడు ఆ పేపరు అచ్చయ్యే చోట పనిచేస్తాడు.

శుక్రవారం ఇస్త్రీకి వెళ్ళినప్పుడు అడిగాను.

“అమ్మగారూ, మా పిల్ల మొండిది. సోమవారం కోర్టుకి వెళ్తానంటోంది. మీ తమ్ముడుగారు దాని పేరొక్కటీ అచ్చులో జారవిడిస్తే చాలండీ.”

“అయ్యో, ఆర్లీనా. ఒక్కతే వెళ్తోందా?”

“యూలిస్ బండిలోనండి.”

“హైవే మీద మనవాళ్ళు ఆపుతారే, పాపం.”

“అటు కాదండి. మిల్లు వెనక రోడ్డునండి.”

“నువ్వేం దిగులు పెట్టుకోకు,” అని మిస్ కోరలీ పీచ్ పళ్ళ మురబ్బా సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వచ్చేసేముందు ఆవిడ భర్త, మిల్లు మేనేజరు మిస్టర్ డెల్మర్ చొక్కా ఒకటి మోచేతి దగ్గర చిరిగితే మాసిక వేశాను. తెల్లదారం అయిపోయింది. నీలం దారంతో కుట్టేశాను. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదులే అనుకున్నాను.

సోమవారం వాళ్ళు బయలుదేరాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మిస్ కోరలీ దుప్పట్లు ఉతికినవి బుట్టలో పెట్టుకుని, ఇచ్చి వస్తాననే వంకతో అదే రోడ్డున నడిచాను. యూలిస్ ట్రక్కు ముసలిది, గుంటలు చూసుకుని మనిషి నడకన పోతుంది. మిల్లు మలుపు తిరిగేసరికి అది ఆగి ఉంది. రోడ్డుకి అడ్డంగా పత్తి లాగే ట్రెయిలర్ నిలిపారు. నలుగురు మగవాళ్ళు, తలకి పిండి సంచులు, కళ్ళ దగ్గర బెజ్జాలు. పట్టపగలు. పిట్టలు కూస్తూనే ఉన్నాయి.

యూలిస్ బండి దిగాడు. దిగి, టోపీ తీశాడు. అరవై ఏళ్ళ అలవాటు. తెల్లవాడు ఎదురైతే మాలో ఏ మగవాడి చెయ్యైనా టోపీ మీదికే పోతుంది, వాడు ముఖానికి సంచి తగిలించుకున్నా సరే.

“నమస్కారం దొరలూ,” అన్నాడు.

గొడ్డలి కామ ఆ బోడి తల మీద పడింది. ఎండు మొద్దు చీలినట్టు చప్పుడైంది. అతను మోకాళ్ళ మీద కూలాడు. టోపీ మాత్రం చేతిలోనే ఉంది. రెండో దెబ్బకి అదీ జారింది. మూడోదీ, నాలుగోదీ ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఓజెల్లా తలుపు పట్టుకుని వేలాడింది. జుట్టు పట్టి ఈడ్చారు. వేళ్ళ మీద తలుపు వేశారు. కంకర మీద ఆమె మోచేతులు గీసుకుపోయాయి.

“ఓటు కావాలంట దీనికి. ఏదీ, నోరు తెరిచి అడుగు.”

“కావాలి,” అంది నా కూతురు.

దవడ మీద కొట్టారు. ఆమె పడింది, మళ్ళీ లేవబోయింది. లేవకే తల్లీ, పడుకో, పడుకో అని నేను అరుస్తున్నాననుకున్నాను. నా గొంతులోంచి మాట రానేలేదు. పొట్టలో తన్నారు. పసుపు గౌను ముందువైపు ఎర్రబడింది. పళ్ళు రెండు కంకరలో పడ్డాయి. అప్పటికి నేను పరిగెడుతున్నాను. బుట్ట ఎక్కడ పారేశానో తెలియదు, వెళ్ళి ఆమె మీద బోర్లా పడ్డాను. నా వీపు మీద ఒక దెబ్బ, భుజం మీద ఒకటి. భుజం ఎముక విరగడం నాకే వినిపించింది.

మూడో దెబ్బకి లేచిన చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలో ఆగింది. గంజి వాసన. ఇస్త్రీ బట్టలకి ఉప్పు చిటికెడు వేసి నేను కాచే గంజి. మోచేతి దగ్గర నీలం దారం.

సంచి బెజ్జాల్లోంచి అతను నన్ను చూశాడు. కర్ర దించాడు.

“ఎవరది?” అన్నాడు ఇంకొకడు.

అతను పోదాం అన్నట్టు తల ఊపాడు. పోతూ పోతూ ఒకడు నా బుట్టని తన్నాడు.

యూలిస్ కళ్ళు తెరవకుండానే బుధవారం పోయాడు. బండి బోల్తా పడిందని పోలీసులు రాసుకున్నారు. ఓజెల్లా పై దవడకీ కింది దవడకీ తీగ చుట్టి పంపారు డాక్టర్లు. గొట్టంతో గంజినీళ్ళు తాగేది. మాట లేదు. బడి పలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని, నలిగిన వేళ్ళతో మొదట రాసింది ఇదీ: దారి ఎవరు చెప్పారు?

నేను పలక తుడిచి, “పడుకో తల్లీ,” అన్నాను.

మర్నాడు మళ్ళీ రాసింది. ఆ మర్నాడూ రాసింది.

ఊళ్ళో అందరూ లవీని అనుమానించారు. ఆమె తెల్లవాళ్ళ ఇళ్ళకి గుడ్లు ఇస్తుంది కదా, అక్కడే నోరు జారి ఉంటుందన్నారు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోలేదు. మొగుణ్ణి పాతిపెట్టిన వారంలోనే.

“నేనెవరికీ చెప్పలేదు ఆర్లీనా,” అంది నాతో. “నిద్రలో కలవరించానేమో మరి. నిద్రలో మాట్లాడే అలవాటుందని ఆయనే నవ్వేవాడు.”

అప్పుడు కూడా నేను చెప్పలేదు.

మిస్ కోరలీ కబురు పంపింది, దుప్పట్లు మట్టయ్యాయట, మళ్ళీ ఉతికి పంపమని. ఒంటిచేత్తో ఉతికి పంపాను. దాంతో సరిపోయిందనుకున్నాను. ఆ పై వారం గురువారం మధ్యాహ్నం మేం భోజనాల దగ్గర ఉండగా వీధిలోంచి ఆరు తూటాలు వచ్చాయి. పొయ్యి గొట్టం చిల్లులు పడి ఇల్లంతా మసి రాలింది. ఓజెల్లా బల్ల కింద నుంచి పలక పైకెత్తి చూపించింది. అదే ప్రశ్న.

మూడు వారాలకి వాషింగ్టన్ నుంచి, పెద్ద సర్కారు తరఫున విచారణకి ఒక మనిషి వచ్చాడు. తెల్లవాడు, మా ఓజెల్లా వయసు ఉంటుంది. మా అరుగు మెట్ల కింద నిలబడి, “మిసెస్ టబ్స్,” అన్నాడు. తెల్లవాడి నోట నాకు ఆ పిలుపు నేనెన్నడూ వినలేదు. వెనక మా అత్తగారు నిలబడిందేమోనని తిరిగి చూశాను. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

అరుగు ఆ చివర లవీ కూర్చుంది. ఆమెనీ అడగాలని అతనే పిలిపించాడు. ఓజెల్లా నా పక్కన, పలకతో.

“వాళ్ళలో ఎవర్నయినా గుర్తుపట్టారా, మిసెస్ టబ్స్?”

“సంచులు తగిలించుకున్నారు బాబూ.”

“ఒక్కర్ని కూడా?”

చొక్కా పేరెత్తితే ఎవరి చొక్కా అంటాడు. ఎవరి ఇంట్లో కుట్టావంటాడు. ఏ రోజంటాడు. ఆ రోజు ఏం మాట్లాడుకున్నారంటాడు. రేపు తూటాలు పొయ్యి గొట్టంతో ఆగవు. పోనీ తెలియదంటే, ఇతను పుస్తకం మూసుకుని పోతాడు, లవీ చచ్చేదాకా ఆ బల్ల మీద ఒంటరిగా కూర్చుంటుంది.

అతను తొందరపెట్టలేదు. ఎండ మెట్టు దిగింది. రోడ్డు మీద పోయిన కారు దుమ్ము అణిగింది. లవీ తన చేతులకేసి చూసుకుంటోంది, నిద్రలో ఏం కలవరించానా అని ఇంకా వెతుక్కుంటున్నట్టు. ఓజెల్లా పలక మీద సుద్దముక్క పెట్టింది కానీ ఏమీ రాయలేదు. నా ముఖంలోకే చూస్తోంది. తనకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

“డెల్మర్ హాస్క్యూ,” అన్నాను. “ఆ మోచేతి దగ్గర కుట్టు నాది.” తర్వాత నా కూతురి వైపు తిరిగాను. “దారి చెప్పింది కూడా నేనే. లవీ కాదు.”