పొట్టకి కట్టిన పత్తిగింజలు

"ఈసారి రెండు కిలోలు చాల్లే" అంటూ మా అత్త జానీబీ పాత లుంగీ గుడ్డలో పత్తిగింజలు పోసి మూట కట్టింది. నాకు ఆరో నెల. ఇవాళ నర్సమ్మ బరువు చూస్తుంది. మూట పొట్టకి కట్టుకుని, పైన చీర సర్దుకుని వెళ్లి కాటా ఎక్కాలి. ముల్లు జరుగుతుంది, నర్సమ్మ తిట్టదు. పోయిన కాన్పుకీ ఇదే చేశాం. నెలనెలా మూట కాస్త పెద్దదయ్యేది.

మా అత్త చెడ్డదేం కాదు. ఆమె కూతురు, కడుపులో బిడ్డ లావై, కాన్పు కాలేక చచ్చిపోయింది. అప్పట్నుంచీ కడుపుతో ఉన్నది రెండోసారి అన్నం వడ్డించుకుంటే చాలు, ఆమెకి గుండె ఝల్లుమంటుంది. "తిని తిని బిడ్డని పెంచుకో, రేపు కడుపు కోస్తారు" అంటుంది. పొద్దంతా కూలికి మిరపకాయల తొడిమలు తీసి, ఇంటికొచ్చి ఐదుగురికి వండి, అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది నేను తినాలి. చేతుల మంటకి అదీ సరిగ్గా తినలేను. అంగన్‌వాడీ వాళ్లు నాకని ఇచ్చిన పిండి ఉండలై మగాళ్ల నోట్లోకి పోయేది. ఆకలేస్తోందంటే మా ఆయన షబ్బీర్ నవ్వేవాడు. "మా అమ్మ గంజి తాగి ఆరుగుర్ని కన్నది. నువ్వేమన్నా నవాబు కూతురివా?"

ఆ కాన్పులో నా కూతురు కిలోన్నర బరువుతో పుట్టింది. ఏడవటానికి కూడా ఓపిక లేదు దానికి. మూడో రోజు నా ఒళ్లోనే పోయింది. జాకెట్టంతా పాలతో తడిసిపోతుంటే, యా అల్లా, ఇవి ఎవరికి పట్టను అని గోడకేసి తల కొట్టుకున్నాను. మూట సంగతి షబ్బీర్‌కి తెలియదు. "నర్సమ్మ కార్డులో తొమ్మిది కిలోలు పెరిగావని రాసుంది. తిన్నదంతా ఎటు పోయింది? నీ కడుపులోనే ఏదో లోపం" అన్నాడు. రెండేళ్లు ఆ మాట మోశాను. బుద్ధిలేనిదాన్ని, కొన్నాళ్లు నేనూ నమ్మాను.

ఇవాళ నర్సు వెంకటరావమ్మగారు నన్ను కాటా ఎక్కించి పాత కార్డు తిరగేశారు. "అప్పుడు బరువు బాగానే పెరిగావు, బిడ్డేమో అంత చిన్నది. నీ ఒంట్లోనే ఏదో ఉంది మెహరూ."

"నేను చెప్తానే ఉన్నాను మేడం" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ షబ్బీర్.

లోపల బిడ్డ కదిలింది. ఇది కూడా కార్డులో పెరుగుతుంది, నా ఒళ్లో పోతుంది. భయపడింది చాలు అనుకున్నాను. కాటా మీదే నిలబడి, చీర కింద చెయ్యి పెట్టి ముడి లాగాను. మూట జారి కిందపడింది. గింజలు గదంతా చిమ్మాయి.

"ఏమే మెహరూ! ఎంత పని చేశావే!" నాతో వచ్చి పక్కనే నిలబడ్డ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకే లోపమూ లేదండీ" అన్నాను నర్సుగారితో, షబ్బీర్ వైపే చూస్తూ. "నా కూతురు ఆకలికి చచ్చిపోయింది. ఆ ఆకలిని మీకు కనపడకుండా దాచింది నేనే."